ఆరు కేంద్రపాలిత ప్రాంతాలు కలిసినా అనంతపురం అంత లేవు
ఢిల్లీ నేరుగా ఏలితే ఊరికి ఏమొస్తుంది, ఏం పోతుంది? యానాం నుంచి చండీగఢ్ దాకా ఒక లెక్క

దేశంలో కేంద్రపాలిత ప్రాంతాలు ఎనిమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం వాటిలో ఉన్నది సుమారు 3.27 కోట్ల మంది, అంటే దేశ జనాభాలో 2.7 శాతం. ఇందులో ఢిల్లీ వాటా 1.68 కోట్లు, జమ్మూకశ్మీర్ వాటా దాదాపు 1.23 కోట్లు. ఆ రెండింటినీ పక్కన పెడితే మిగిలేవి పుదుచ్చేరి, చండీగఢ్, దాద్రా నగర్ హవేలీ-డామన్ డయ్యూ, అండమాన్, లదాఖ్, లక్షద్వీప్. ఈ ఆరింటి జనాభా అంతా కలిపితే 36 లక్షలు. అదే ఏడాది ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40.8 లక్షలు.

అనంతపురం జిల్లా గుమ్మఘట్ట లాంటి చోట ఈ లెక్క చెప్పడానికి కారణం ఉంది. ఒక పక్క కర్ణాటక సరిహద్దు, ఇంకో పక్క ఎక్కడో ఐదు వందల కిలోమీటర్ల దూరంలో అమరావతి. వానలు మొహం చాటేసిన ఏడాది, ప్రాజెక్టు అడుగంటిన ఏడాది, రాష్ట్రం విడిపోయిన ఏడాది మన వైపు రచ్చబండల మీద ఒక మాట పుడుతుంది: "ఈ రాష్ట్రాల మధ్య నలిగేదానికన్నా కేంద్రమే ఏలుకుంటే పోతుంది గదా!" కోపంలో పుట్టిన మాటే అయినా లెక్క చూడకుండా కొట్టిపారేయాల్సిన పని లేదు. చూద్దాం.

రాష్ట్రపతి పాలన వేరు, ఇది వేరు

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. రాష్ట్రపతి పాలన అంటే ఉన్న రాష్ట్రాన్ని కొన్నాళ్లు కేంద్రం చూసుకోవడం. రాజ్యాంగంలోని 356వ అధికరణం కింద అది నడుస్తుంది. మనకు మూడుసార్లు వచ్చింది: ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక 1954 నవంబరులో, జై ఆంధ్ర ఉద్యమంలో 1973 జనవరిలో, విభజన వేళ 2014 మార్చిలో. మూడుసార్లూ అది నెలల లెక్కలోనే ముగిసింది. రాష్ట్రం రాష్ట్రంగానే ఉంది.

కేంద్రపాలిత ప్రాంతం సంగతి అలా కాదు. అక్కడ రాష్ట్రం అన్నదే ఉండదు. 239 నుంచి 241 వరకు ఉన్న అధికరణాలు దానికి వేరే చట్రం కట్టాయి. రాష్ట్రపతి నియమించిన అధికారి, లెఫ్టినెంట్ గవర్నరో అడ్మినిస్ట్రేటరో, కేంద్రం తరఫున పాలిస్తారు. ఎనిమిదింటిలో శాసనసభలు ఉన్నవి మూడే: ఢిల్లీ (70 స్థానాలు), పుదుచ్చేరి (30), జమ్మూకశ్మీర్ (90). మిగిలిన ఐదు చోట్ల ఎమ్మెల్యే అనే మనిషే లేడు. పార్లమెంటు సభ్యుడు, ఆ తర్వాత స్థానిక సంస్థలు, మధ్యలో అధికారులు. అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు జనాభాలో సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ ఆ కుటుంబాలకు ఎంపీ ఒకరున్నారు కానీ ముఖ్యమంత్రి లేరు.

తెలుగు నేల మీద ఢిల్లీ పాలన: యానాం

మన భాషలో మాట్లాడుతూ కేంద్రపాలనలో బతుకుతున్న ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే యానాం వెళ్లాలి. గౌతమీ గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011లో జనాభా 55,626. ఒక వైపు కాకినాడ జిల్లా, ఏరు దాటితే కోనసీమ జిల్లా. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి ముక్క.

ఈ ముక్క ఫ్రెంచివాళ్ల చేతిలోంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో వాళ్లిక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడేళ్లు యానాం ఫ్రెంచి జెండా కిందే ఉంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న పాలన భారతదేశం చేతికొచ్చింది. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలైనా ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొంది చట్టబద్ధమయ్యే సరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. 1963 జులై నుంచి పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిపి ఒక కేంద్రపాలిత ప్రాంతం. నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి. మాహే కేరళ తీరంలో, కారైకాల్ తమిళనాడులో. వాటిని కలిపే దారం ఫ్రెంచి పాలన ఒక్కటే.

యానాం వాసి పుదుచ్చేరి సచివాలయానికి వెళ్లాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. హైకోర్టు మద్రాసులో ఉంది. అమరావతి దూరమని మనం అనుకుంటాం గానీ, ఆ దూరం ముందు ఇది ఏపాటి? కాకినాడ మాత్రం గంట దారిలో ఉంది, కానీ అక్కడి కలెక్టరుకు యానాంతో పని లేదు.

మరి లాభం లేదా? ఉంది, కంటికి కనిపిస్తుంది కూడా. పుదుచ్చేరి అధికార భాషల చట్టం (1965) యానాంలో తెలుగుకు చోటిచ్చింది. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి జిప్మర్ తరఫున యానాంలో 90 పడకల వైద్య కేంద్రాన్ని ప్రధాని ప్రారంభించారు. యాభై ఐదు వేల జనాభా ఉన్న ఊరికి కేంద్ర వైద్యసంస్థ శాఖ రావడం చిన్న విషయం కాదు. ఇక పెట్రోలు బంకులు, మద్యం దుకాణాలు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సబ్బు, సిమెంటు వంటి వాటి మీద పన్ను రేటు యానాంలోనూ కాకినాడలోనూ ఒకటే. జీఎస్టీ బయట మిగిలిపోయిన పెట్రోలు, డీజిలు, మద్యం మీద మాత్రం ఎవరి పన్ను వారిదే. తేడా పుట్టేది అక్కడ. పక్క జిల్లాల బండ్లు ట్యాంకు నింపుకోవడానికి సరిహద్దు దాటేది అందుకే.

హద్దు దాటితే చట్టం మారడం యానాంకు కొత్త కాదు. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమలుకొచ్చినప్పుడు, అది వర్తించని ఫ్రెంచి యానాంకు గోదావరి జిల్లాల నుంచి పెళ్లి బృందాలు తరలివెళ్లాయి. అప్పుడు పెళ్లిళ్లు, ఇప్పుడు పెట్రోలు. చుట్టూ ఉన్న చట్టానికీ తన చట్టానికీ మధ్య సందు ఉన్నంతకాలం అలాంటి ఊరికి ఏదో ఒక గిరాకీ ఉంటుంది.

ఒక ఓటు బరువెంత?

పుదుచ్చేరి జనాభా 12.48 లక్షలు, ఎమ్మెల్యేలు 30 మంది. సగటున 41,600 మందికి ఒకరు. ఉమ్మడి అనంతపురంలో 40.8 లక్షల మందికి 14 మంది, అంటే సుమారు 2.9 లక్షల మందికి ఒకరు. పుదుచ్చేరి కొలమానం మనకు వర్తిస్తే జిల్లాకు 98 మంది ఎమ్మెల్యేలు ఉండాలి! గుమ్మఘట్టతో పాటు రాయదుర్గం, డి.హిరేహాళ్, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలకు మనం ఒకే ఒక్క ఎమ్మెల్యేతో సర్దుకుంటున్నాం.

ఎమ్మెల్యే ఇంత చేతికందేలా ఉంటే ఓటుకు బలం రావాలి కదా! యానాంలో వచ్చింది కూడా. 2021 శాసనసభ ఎన్నికల్లో ముఖ్యమంత్రి అభ్యర్థి ఎన్.రంగసామి రెండు చోట్ల పోటీ చేశారు. అందులో ఒకటి యానాం. అక్కడ స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 655 ఓట్ల తేడాతో ఆయన్ను ఓడించారు. రెండో చోట గెలిచిన రంగసామి ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి అభ్యర్థిని మండలమంత ఊరు ఓడించడం రాష్ట్రాల్లో అరుదు.

ఈ కథకు రెండో వైపు ఉంది. అదే పుదుచ్చేరి సభలో ఎన్నికైన 30 మంది పక్కన కేంద్రం నామినేట్ చేసే ముగ్గురు కూర్చుంటారు. ఓటర్లతో వాళ్లకు పని లేదు, స్థానిక ప్రభుత్వం సిఫారసుతోనూ పని లేదు. ఇది చెల్లుతుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు ఓటు హక్కూ ఉంటుంది. 2021 ఫిబ్రవరి 22న నారాయణసామి ప్రభుత్వం బలపరీక్షలో కూలిన రోజు ఆ ముగ్గురి ఓట్ల మీదే పెద్ద వివాదం నడిచింది. దానికి నాలుగు రోజుల ముందే అప్పటి తెలంగాణ గవర్నరు తమిళిసై సౌందరరాజన్ పుదుచ్చేరి అదనపు బాధ్యతలు తీసుకున్నారు. ఒక రాష్ట్ర గవర్నరు చేతిలో ఇంకో ప్రాంతాన్ని అదనపు పనిగా పెట్టడం కేంద్రపాలిత ప్రాంతానికి మామూలే. చండీగఢ్‌కు 1984 నుంచి పంజాబ్ గవర్నరే అడ్మినిస్ట్రేటరు.

అంతకన్నా కింద, వార్డు స్థాయిలో చూస్తే ఇంకా ఆశ్చర్యం. పుదుచ్చేరిలో 1968 తర్వాత స్థానిక ఎన్నికలు జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్లు. 2011లో ఆ గడువు ముగిశాక మళ్లీ ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు. గుమ్మఘట్టలో సర్పంచి మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఫిర్యాదు చేయడానికి ఎదురుగా ఒక సర్పంచి ఉంటాడు.

శాసనసభ ఉన్నంత మాత్రాన అధికారం మొత్తం వస్తుందని కూడా అనుకోవద్దు. ఢిల్లీకి 1991లో 69వ రాజ్యాంగ సవరణ సభనిచ్చింది, కానీ పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం దగ్గరే ఉంచుకుంది. అధికారుల నియామకాలు ఎవరి చేతిలో ఉండాలన్న తగవులో 2023 మే 11న సుప్రీంకోర్టు ఎన్నికైన ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. ఎనిమిది రోజులకే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఆగస్టులో అది చట్టమైంది. 1.68 కోట్ల మంది ఓటు ఒక పక్క, పార్లమెంటు చట్టం ఇంకో పక్క నిలబడితే ఏది నెగ్గుతుందో అక్కడ తేలిపోయింది.

డబ్బు సంగతి

"కేంద్రం చేతిలో ఉంటే నిధులు వరదలా వస్తాయి" అన్నది ఇంకో నమ్మకం. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో పంచాల్సిన మొత్తంలోంచి రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో ఆర్థిక సంఘం చెబుతుంది. 14వ సంఘం 42 శాతం అంది. జమ్మూకశ్మీర్ 2019 అక్టోబరు 31న రాష్ట్ర హోదా పోగొట్టుకోవడంతో 15వ సంఘం దాన్ని 41 శాతం చేసింది. 2021-26 కాలానికి అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతంగా ఉండేది. ఈ పంపకం రాష్ట్రాలకు మాత్రమే. పుదుచ్చేరికి అందులో వాటా లేదు. కేంద్ర హోంశాఖ పద్దు కింద వచ్చే గ్రాంటు కోసం అది ఏటా అడగాలి. రాష్ట్రానికి వచ్చేది హక్కుగా వస్తుంది, కేంద్రపాలిత ప్రాంతానికి వచ్చేది కేటాయింపుగా వస్తుంది. చిన్న చోటికి ఆ కేటాయింపు తలకు ఎక్కువే పడవచ్చు. లక్షద్వీప్‌లో ఉన్నది 64,473 మంది. నలభై లక్షల మందికి అదే లెక్కన ఎవరూ ఇవ్వరు.

పైగా కేంద్రం డబ్బు రావడానికి కేంద్రపాలన అక్కర్లేదని అనంతపురానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2014 విభజన తర్వాత రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏడాదికి 350 కోట్ల ప్రత్యేక సాయం వచ్చింది. మూడేళ్లలో 1,050 కోట్లు. ఆ తర్వాత ఆగింది. ఆ డబ్బు కోసం గొడవపడటానికి మనకు ఒక రాష్ట్ర ప్రభుత్వం, 25 మంది ఎంపీలు ఉన్నారు. అప్పుడు కూడా ఆగింది. ఒక్క ఎంపీతో గొడవపడితే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

నీళ్ల సంగతీ అంతే. గుమ్మఘట్ట మండలంలోని భైరవానితిప్ప ప్రాజెక్టు నిండాలంటే వేదవతి కర్ణాటక నుంచి రావాలి. పైన 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఉంది. అది 1933 తర్వాత మళ్లీ పొర్లింది 2022లో! ఢిల్లీ పాలిస్తే పై రాష్ట్రం మెత్తబడుతుందా? కావేరి లెక్క చూడండి. కారైకాల్ పొలాలకు నీళ్లు కావాల్సిన పుదుచ్చేరి కూడా రాష్ట్రాలతో పాటు ట్రిబ్యునల్ ముందు వరుసలో నిలబడింది. 2007 తీర్పులో తమిళనాడుకు 419, కర్ణాటకకు 270, కేరళకు 30 టీఎంసీలు వచ్చాయి. పుదుచ్చేరికి వచ్చింది 7. కేంద్రం బిడ్డ అన్న గారాబం ఆ పంపకంలో ఎక్కడా కనబడదు.

తగవు తేలని చోట వేసే తాళం

ఇంతకీ ఏ చోటును కేంద్రపాలితం చేస్తారు? జాబితా ముందు పెట్టుకుంటే నాలుగే కారణాలు కనిపిస్తాయి. దూరాన సముద్రంలో ఉండటం (అండమాన్, లక్షద్వీప్). వేరే దేశం వలసగా ఉండి రావడం (పుదుచ్చేరి, డామన్, దాద్రా). రాజధాని లేదా సరిహద్దు భద్రత (ఢిల్లీ, జమ్మూకశ్మీర్, లదాఖ్). నాలుగోది తగవు: ఇద్దరూ నాదంటే నాదన్న చోటు. కరువు ఈ జాబితాలో లేదు.

నాలుగో దానికి చండీగఢ్ నిలువెత్తు సాక్ష్యం. 1966 నవంబరు 1న పంజాబ్ నుంచి హరియాణా విడిపోయినప్పుడు 114 చదరపు కిలోమీటర్ల ఆ నగరాన్ని రెండింటికీ రాజధానిగా ఉంచి కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. 1985 జులైలో రాజీవ్-లోంగోవాల్ ఒప్పందం ప్రకారం 1986 జనవరి 26న అది పంజాబ్‌కు చేరాలి. చేరలేదు. పది లక్షలకు పైగా జనం ఉన్న నగరం ఇప్పటికీ శాసనసభ లేకుండానే నడుస్తోంది.

తెలుగువాళ్ల చరిత్రలో ఇలాంటి సందర్భాలు మూడు వచ్చాయి, మూడింటిలోనూ ఆ తాళం పడలేదు. మొదటిది మద్రాసు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణాలు వదిలాక ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. మద్రాసు మనదేనన్న పట్టు ఒక వైపు, కనీసం చీఫ్ కమిషనర్ పాలన కిందైనా ఉంచాలన్న వాదన ఇంకో వైపు నడిచాయి. రెండూ నెగ్గలేదు.

రెండోది మన ముంగిట్లోనే జరిగింది. అప్పట్లో రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు కూడా అది బళ్లారితోనే ఉండిపోయింది. 1953లో ఆ జిల్లాలోని పది తాలూకాలను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, ఆరు తాలూకాలు మైసూరుకు. బళ్లారి తాలూకా ఒక్కటీ తేలలేదు. జస్టిస్ ఎల్.ఎస్.మిశ్రా కమిషన్ వేశారు, విచారణ జరిగింది, బళ్లారి మైసూరుకు వెళ్లింది. 1953 అక్టోబరు 1 నుంచి అదే హద్దు. నచ్చినవాళ్లు ఉన్నారు, నచ్చనివాళ్లు ఉన్నారు. కానీ నెలల్లో తేలింది, రెండు వైపులా జనానికి ఓటు మిగిలింది, ఎమ్మెల్యే మిగిలాడు.

మూడోది హైదరాబాదు. 2013లో సీమాంధ్ర నాయకులు కొందరు దాన్ని కేంద్రపాలితం చేయాలని గట్టిగా అడిగారు. 2014 పునర్విభజన చట్టం ఆ దారి పట్టలేదు. ఐదో సెక్షను పదేళ్ల ఉమ్మడి రాజధాని అంది; ఎనిమిదో సెక్షను ప్రాణ, ఆస్తి రక్షణ విషయంలో గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఇచ్చింది. గడువు తేదీ ముందే రాసి పెట్టారు. 2024 జూన్ 2న అది ముగిసింది. ఆ రోజు హైదరాబాదులో ఏ గొడవా కాలేదు.

గడువు రాసిన ఏర్పాటు గడువుకు ముగిసింది. గడువు రాయని చండీగఢ్ అలాగే ఉంది.

బయటి దేశాల్లో

అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో 2020 లెక్కల ప్రకారం 6.9 లక్షల మంది ఉన్నారు. 1961లో వచ్చిన 23వ సవరణ దాకా వాళ్లకు అధ్యక్ష ఎన్నికల్లో ఓటే లేదు. ఇప్పటికీ వాళ్ల ప్రతినిధికి కాంగ్రెసులో తుది ఓటు లేదు. ప్రాతినిధ్యం లేకుండా పన్నులా అని నిలదీసే నినాదం 2000 నుంచి అక్కడి కార్ల నంబరు పలకల మీదే అచ్చవుతోంది. 1898 నుంచి అమెరికా చేతిలో ఉన్న ప్యూర్టోరికోలో 32 లక్షలకు పైగా జనం. 1917 నుంచి వాళ్లు అమెరికా పౌరులు, కానీ ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వేయలేరు.

మలేసియా కౌలాలంపూర్‌ను 1974 ఫిబ్రవరి 1న సెలంగోర్ రాష్ట్రం నుంచి తీసుకుని కేంద్రం కిందికి తెచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు సహా నగరవాసులు పార్లమెంటుకు ఓటేస్తారు. రాష్ట్ర శాసనసభ లేదు, మేయరును నియమిస్తారు. కెనడాలోని మూడు టెరిటరీలకు తలా ఒక ఎంపీ, ఒక సెనేటరు. ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ విస్తీర్ణం సుమారు 13.5 లక్షల చదరపు కిలోమీటర్లు; 1998లో రాష్ట్రం కావాలా అని అక్కడి జనాన్ని అడిగితే స్వల్ప తేడాతో వద్దన్నారు. వద్దన్నవాళ్లూ ఉన్నారన్న మాట. మెక్సికో మాత్రం 2016లో తన రాజధానికి ఫెడరల్ జిల్లా హోదా తీసేసి దాదాపు రాష్ట్రాలతో సమానం చేసింది.

మన దేశంలోనూ దారి ఎక్కువగా అటే. 1956లో ఆరు కేంద్రపాలిత ప్రాంతాలు ఉండేవి. వాటిలో హిమాచల్ ప్రదేశ్ 1971లో, మణిపూర్, త్రిపుర 1972లో రాష్ట్రాలయ్యాయి. తర్వాత చేరిన వాటిలో మిజోరం, అరుణాచల్, గోవా 1987లో ఆ గీత దాటాయి. మొత్తం ఆరు. స్వతంత్ర భారతంలో నిండు రాష్ట్రం వెనక్కి నడిచి కేంద్రపాలితమైంది ఒక్కటే, జమ్మూకశ్మీర్. రాష్ట్ర హోదా తిరిగి ఇవ్వాలని అక్కడి సభ అడుగుతోంది. పుదుచ్చేరి సభ అదే కోరికతో పలుమార్లు తీర్మానం చేసింది. 2019లో కేంద్రపాలితమైందని పండుగ చేసుకున్న లదాఖ్‌లోని లేహ్ పట్టణం 2025 సెప్టెంబరుకు రాష్ట్ర హోదా కోసం రోడ్డెక్కింది.

తేలేది ఇది

కేంద్రపాలన చిన్న చోటికి కొంత డబ్బు, కొంత పన్ను వెసులుబాటు ఇస్తుంది. బదులుగా తన గురించి తాను నిర్ణయించుకునే హక్కును ఢిల్లీలో కుదువ పెట్టుకోవాలి. యానాం అంత ఊరికి ఆ బేరం గిట్టుబాటు కావచ్చు, వాళ్లకు చరిత్ర వేరే దారి ఇవ్వలేదు కూడా. నలభై లక్షల మందికి, కరువు సీమకు అది గిట్టదు. వేదవతి నీటి వాటా, భైరవానితిప్పకు కాలువ, 350 కోట్ల సాయం ఆగిపోవడం: ఇవన్నీ ఓటు బలంతో అడగాల్సిన బాకీలు. అడిగే గొంతును పోగొట్టుకుని బాకీ వసూలు చేసుకున్నవాళ్లు ఈ లెక్కల్లో ఎక్కడా కనబడలేదు. కాబట్టి రచ్చబండ మీద ఈసారి ఆ మాట వస్తే, కోపాన్ని ఎమ్మెల్యే దగ్గరికీ ఎంపీ దగ్గరికీ తీసుకెళ్లండి. వాళ్లు మనకు జవాబు చెప్పాల్సినవాళ్లు. అడ్మినిస్ట్రేటరు మనకు జవాబు చెప్పనక్కర్లేదు.